దూలం మోపు

కొండ దిగువన ఒక బెల్లం పాక ఉండేది. ఒకప్పుడు దాని దర్జా వేరు. చుట్టూ చెరుకు తోటలు, ముందు గానుగ, లోపల ఎద్దు దిగి పడుకునేంత పెద్ద పొయ్యి గుంట, గాలి ఎటు వీస్తే అటు తీపి వాసన. తర్వాత దూరాన ఎక్కడో చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. చెరుకంతా లారీలెక్కి అటు పోయింది. బెల్లం వండే పెనాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. మనుషులు పాకవైపు తిరిగి చూడటం మానేశారు.

మనుషులు వదిలేసిన చోటుని జంతువులు వదులుతాయా? అక్కడే మిగిలిపోయిన ఒక మేకపోతు పాకకి యజమాని అయి కూర్చున్నాడు. ఎవరు రాసిచ్చారని మాత్రం అడక్కండి. ఖాళీ ఇంట్లో ముందు పడుకున్నవాడిదే ఇల్లు. అడవిలో రిజిస్ట్రేషన్ అంటే అదే.

ఆయన్ని అందరూ పెద్దపోతు అనేవారు. మాట కరుకు, లెక్క నిక్కచ్చి. ఎవరు అద్దెకి దిగినా ఒకటే షరతు. "నెలకి మూడు మోపుల గడ్డి. ఒకటి నా పొట్టకి. ఒకటి కప్పులో చిల్లులకి. మూడోది అటక మీదకి. ఆ మూడోదాన్ని నేను ముట్టుకున్నా సరే, కొమ్ము పట్టి ఈడ్చి బయట పడెయ్యండి."

ఆ మూడోదానికే దూలం మోపు అని పేరు. ఎందుకంటారా? పూరిపాక అన్నాక కప్పులో చిల్లులు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి, పూడుస్తూనే ఉంటాం. అది రోజువారీ తద్దినం. కానీ కప్పునంతా మోసే నడిమి దూలం ఉంది చూశారూ, దానికి చెదలు పడితే పైకి కనపడదు. కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే. దాన్ని మార్చడం మేక వల్ల అవుతుందా, కోడి వల్ల అవుతుందా? ఏటా వానలకి ముందు ఏనుగు దొర ఆ దారినే కొండెక్కుతాడు. ఆయనే అడవిలోంచి ఒక మద్దిమాను లాక్కొచ్చి, పాత కప్పు దింపి, దూలం మార్చి పోవాలి. కూలి మాత్రం అటకనిండా గడ్డి. ఏనుగుకి చారెడు పెట్టి పని చేయించుకోగలమా? మేకలు, కోళ్ళు ఏళ్ళ తరబడి దాస్తే గాని అది ఆయనకి ఒక్కపూట మేత అవదు.

ఒక చలికాలంలో పెద్దపోతు పోయాడు. పోయే ముందు మాట పడిపోయింది. తల మాత్రం అటకవైపు తిప్పి అలాగే ఉండిపోయాడు. కొడుకు అప్పన్న ఆ చూపు చూశాడు, అటకా చూశాడు. నిండటానికి జానెడే తక్కువ ఉంది.

ఇక ఇల్లు అప్పన్న చేతికొచ్చింది. అప్పన్న చెడ్డవాడు కాదండీ. గడ్డం నున్నగా దువ్వుకునేవాడు, పిలిస్తే పలికేవాడు, ఎవరైనా 'ఆహా' అంటే కరిగిపోయేవాడు. ఆ కరగడంలోనే ఉంది తంటా అంతా.

పాకలో అద్దెకున్నవాళ్ళు ఎవరంటే, కుందేలు రత్తాలు, దాని పిల్లలు. కోడిపెట్ట పోలమ్మ, దాని పిల్లలు. వీళ్ళు కాక గానుగ తాత. ఆయన ఆ పాకలోనే గానుగ తిప్పి తిప్పి ముసలైపోయిన ఎద్దు. ఆయనకి అద్దె లేదు. రోజూ చీకటి పడగానే గుమ్మానికి అడ్డంగా పడుకోవాలి, అదే ఆయన అద్దె. ఆ కొమ్ములు అక్కడున్నన్నాళ్ళూ నక్క లోపలికి తొంగి చూడలేదు.

నక్క ఉంది మరి. నక్క లేని కథ ఎక్కడుంది?

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండంతా ఎర్రబడింది. రత్తాలు ఎంత తిరిగినా మోపులో సగమే దొరికేది. అప్పన్న పొట్ట వెన్నుకి అంటుకుంది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం, గానుగ తాత వాగు దగ్గరికి నీళ్ళకి పోయాడు, ఆడవాళ్ళిద్దరూ మేతకి పోయారు. అప్పన్న అటకకేసి చూశాడు. ఎండుగడ్డి వాసన కమ్మగా కిందికి దిగుతోంది. 'ఒక్క పోచ,' అనుకున్నాడు. నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు. పోచ కాస్తా పిడికెడయ్యింది.

బయటికొచ్చేసరికి కంచె అవతల రాతి మీద నక్క కూర్చునుంది.

"ఏం బావా, గడ్డంలో గడ్డి ఇరుక్కుంది?"

అప్పన్న గతుక్కుమన్నాడు. "గాలికి పైనించి పడింది."

"గాలికి పడ్డది నోట్లోనే పడటం అదృష్టం బావా. నాకెప్పుడూ పడదు."

"పో పో. నీ మాట వినొద్దని మా అయ్య చెప్పాడు."

"వినకు. నిన్నెవరు వినమన్నారు? నేను ఈ రాయితో చెప్పుకుంటున్నాను. ఒసే రాయీ, ఈ కొంపలో ఒక వింత చూశావటే? ఇంటాయన డొక్కలు ఎండిపోతున్నాయి, ఇంటి అటక మాత్రం బలిసి కూర్చుంది!"

అప్పన్న పోవాలనే అనుకున్నాడు. కాళ్ళు కదల్లేదు. నక్క తిడుతుందనుకున్నాడు, ఊరంతా చాటుతుందనుకున్నాడు. అదేమో జాలిపడుతోంది. దొంగతనం చేసినవాడికి తిట్టేవాడికంటే జాలిపడేవాడే దగ్గరవాడిలా కనిపిస్తాడు.

"అది దూలానికి దాచింది," అన్నాడు నెమ్మదిగా.

"దూలం విరిగిందా?"

"లేదు."

"వంగిందా?"

"ఏమో, కాస్త..."

"ఏళ్ళ తరబడి నిలబడ్డ దూలం రేపే పడిపోతుందా? జబ్బు లేకుండా మందు మింగేవాణ్ణి ఏమంటారు బావా? పోనీ మీ అయ్య రోజులు వేరు, పెద్దాయన, భయస్తుడు. నువ్వు కుర్రాడివి. గడ్డిని పడుకోబెడితే ఎలకలు గూడు చేసుకుంటాయి. పనిలో పెడితే పిల్లలు పెడుతుంది."

"గడ్డి పిల్లలు పెట్టడమేంటి?"

"అదిగో, ఆ పడమటి గోడ వారన ఒక వసారా దించు. అటక మీద గడ్డితోనే కప్పెయ్. కొండ మీద కౌజుపిట్టలు నీడలేక ఉసూరుమంటున్నాయి. గుంపు గుంపంతా దిగుతుంది. అద్దె ఎంతొస్తుందో నువ్వే ఆలోచించు. వచ్చే ఏడాదికల్లా ఈ అటకే కాదు, ఇంకో అటక నిండుతుంది."

"మధ్యలో నీకేంటి లాభం?"

నక్క చెవులు వాల్చి నొచ్చుకున్నట్టు చూసింది. "పేదవాడు మంచిమాట చెబితే అనుమానమే కదా! సరే బావా, ఒట్టేసి చెబుతున్నా విను. ఈ కప్పు నిలబడి ఉన్నన్నాళ్ళూ, దీని కింద ఉన్న ఒక్క ఈకని ముట్టను, ఒక్క వెంట్రుకని ముట్టను. నీ వాకిట్లో కాలు పెడితే నా తోక తెగిపోవాలి."

ఈ ఒట్టు వినేసరికి అప్పన్న మనసులో బరువు దిగిపోయింది. నక్కలాంటి నక్క నా ఇంటికి ఒట్టేసింది, మా అయ్య బతికుండగా ఇది సాధించాడా, అనుకున్నాడు. గడ్డం నిమురుకున్నాడు.

వారం తిరిగేసరికి వసారా లేచింది. వసారా వాసాలు ఎక్కడ ఆనించాలి? పెద్దపాక దూలానికే కొసలు కట్టారు, వేరే స్తంభం పాతితే ఖర్చు కదా. నక్క తన మాట ప్రకారం వాకిట్లో కాలు పెట్టలేదు. కంచె అవతల రాతి మీదే కూర్చుని, "ఆ వాసం ఇంకాస్త పైకి బావా, ఇటు ఇంకొకటి వెయ్యి బావా," అంటూ ఒక్కొక్క వాసం లెక్కబెట్టి మరీ చెప్పింది. తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాళ్ళని చూశాం గాని, తినబోయే ఇంటి వాసాలు లెక్కబెట్టింది ఈ నక్కొక్కటే.

కౌజులు దిగాయి. గలగలలాడుతూ, ముక్కున గడ్డిపోచలు కరుచుకుని, "అయ్యగారూ, అయ్యగారూ" అంటూ. అయ్యగారు అనిపించుకోవడం అప్పన్నకి అదే మొదలు. ఆ పూట మేత కూడా మర్చిపోయాడు.

"ఒక సంగతి బావా," అంది నక్క. "వసారా కొత్తగా మెరుస్తోంది, పెద్దపాక మాత్రం ముసలమ్మ తలలా ఉంది. అద్దెకొచ్చేవాడు ముందు చూసేది పైకప్పే. దాని మీద కూడా ఒక వరస పరిచెయ్."

"పాత గడ్డి దింపాలి కదా ముందు?"

"అదెందుకు దండగ పని! పాతదాని మీదే పరిచెయ్. దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉండదూ?"

అప్పన్న అటక మీది గడ్డి దింపి కప్పు మీద పరిచాడు. పరిచింది పరచగా, తిన్నది తినగా, వసారాకి పోయింది పోగా, అటక మీద గూడు కట్టుకోవడానికి కూడా పనికిరాని చెత్త మిగిలింది. పాక మాత్రం పెళ్ళికూతురిలా తయారైంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదన్నమాట.

కొత్త అద్దె మాటేమిటంటారా? కౌజులు తెచ్చిన మోపులు కప్పు మీద ఇంకో వరసకీ, అప్పన్న పొట్టకీ సరిగ్గా సరిపోయేవి. మూడో మోపు సంగతి కౌజులకి చెప్పలేదు. చెబితే, మరి పాతది ఏదని అడుగుతారు కదా.

గానుగ తాత అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. గానుగ తిప్పినవాళ్ళకి ఒకే దారిలో నోరు మూసుకుని నడవడం అలవాటు. ఒకనాడు మాత్రం పిలిచాడు.

"ఒరే అప్పన్నా, ఇలా రా. ఆ దూలం వంక చూడు."

"చూశాను తాతా."

"చూసింది కంటితో. కొమ్ముతో కొట్టి చూడు. గట్టిదైతే ఠంగుమంటుంది. డొల్లయితే బొదబొదమంటుంది. మీ అయ్య నెలకోసారి కొట్టి వినేవాడు."

అప్పన్న దూలం కిందికి వచ్చి నిలబడ్డాడు. వెనక్కాళ్ళ మీద లేచి తల ఎత్తాడు. సన్నగా గోధుమరంగు పొడి రాలుతోంది, ముక్కు మీద పడింది. కొమ్ము దూలానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కొడితే శబ్దం వస్తుంది. వస్తే వినాలి. విన్నాక విననట్టు ఉండలేం. తల దించేశాడు.

"రేపు కొడతాలే తాతా. ఇవాళ మెడ పట్టేసింది."

"మెడ పట్టింది నీకు కాదురా, దానికి. మోయలేక వంగిపోతోంది. పాతదాని మీద కొత్తది, కొత్తదాని మీద ఇంకోటి. ఎండలో గడ్డి తేలిక. వానొస్తే అదే గడ్డి రాయి అవుతుంది."

"నీకు కొత్తది ఏదీ గిట్టదు తాతా. పాక ఇంత అందంగా ఎప్పుడైనా ఉందా?"

"లేదు," అన్నాడు ఎద్దు. "చచ్చినవాడికి కూడా ఆఖరి రోజునే కొత్తబట్ట కడతారు."

ఆ మాటకి అప్పన్నకి కోపమొచ్చింది. అద్దె ఇవ్వనివాడికి నోరెక్కువ అనబోయి మింగేశాడు. మింగడం ఒక్కటే ఆ పూట చేసిన మంచిపని.

పోలమ్మ అడిగింది ఇంకో రోజు. "అప్పన్నా, దూలం మోపు నిండినట్టేనా? ఏనుగు దొర వచ్చే వేళయింది. ఈ ఏడు మార్పించేస్తావు కదూ?"

"నిండింది వదినా, నిండింది. నువ్వు పిల్లల్ని చూసుకో."

"నేను పైకెక్కి చూడలేను, నువ్వు చెబితే నమ్ముతాను," అంది పోలమ్మ. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే అది ముల్లులా దిగింది.

పడమట మబ్బు పట్టిన రోజున ఏనుగు దొర వచ్చాడు. నేల అదిరింది. పిల్లలన్నీ పరుగెత్తి గుమ్మం దగ్గర చేరాయి. ఆయన తొండం చాచి పాక కప్పుని సుతారంగా తడిమాడు.

"అప్పన్నా, మీ అయ్య పోయాడని విన్నాను. మాటకి నిలబడే మనిషి. ఈ ఏడు దూలం మార్చాలని పోయినసారే చెప్పాడు. అటక నిండిందా? మద్దిమాను చూసి పెట్టుకున్నాను. ఊఁ అంటే సాయంత్రానికి తెస్తాను."

అప్పన్న అటూ ఇటూ చూశాడు. చుట్టూ అందరూ ఉన్నారు. రత్తాలు చెవులు నిక్కించి చూస్తోంది. పోలమ్మ నవ్వుతోంది. కౌజులు 'అయ్యగారి ఇంటికి ఏనుగు దొర వచ్చాడు' అని మురిసిపోతున్నాయి. గానుగ తాత మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. నిజం చెబితే ఈ మొహాలన్నీ ఒక్కసారిగా ఎలా మారతాయో అప్పన్నకి కళ్ళకి కట్టింది.

"అక్కర్లేదు దొరా," అన్నాడు. "దూలం ఇంకా గట్టిగానే ఉంది. వచ్చే ఏడు చూద్దాం."

ఏనుగు చెవులు ఆడటం మానేశాయి. "గట్టిగా ఉందా?"

"రాయిలా ఉంది దొరా."

"చిత్రంగా ఉందే. మీ అయ్య నన్ను ఏనాడూ 'గట్టిగా ఉంది' అని పంపలేదు. గట్టిగా ఉన్నప్పుడే మార్పించేవాడు." తొండం వెనక్కి తీసుకున్నాడు. "నీ ఇల్లు, నీ ఇష్టం. నేను మళ్ళీ దిగేది వానలు వెళ్ళాకే. ఈలోపు వాగులు పొంగితే రమ్మన్నా రాలేను."

"పర్లేదు దొరా."

ఏనుగు వెళ్ళిపోయాడు. ఆ వెనక భాగం చెట్ల మధ్య చిన్నదై, మసకై, మాయమయ్యేదాకా అప్పన్న చూస్తూనే ఉన్నాడు. రెండుసార్లు పిలవాలని నోరు తెరిచాడు. పిలవలేదు.

కంచె అవతల రాతి మీద నక్క మెచ్చుకోలుగా తలాడించింది. "భలే చెప్పావు బావా! యజమాని అంటే అలా ఉండాలి."

ఆ పొగడ్త ఈసారి ఎందుకో చేదుగా ఉంది.

వానలు మొదలయ్యాయి. ముందు జల్లులు. కొత్త కప్పులోంచి చుక్క కారలేదు. "చూశావా తాతా?" అన్నాడు అప్పన్న. ఎద్దు దూలంకేసి చూశాడు. తర్వాత ముసురు పట్టింది. కొండ కనపడలేదు, వాగు కనపడలేదు, వాగు హోరు మాత్రం వినపడుతోంది. పొద్దు ఎప్పుడు పొడిచిందో, ఎప్పుడు గూకిందో తెలియని ముసురు. గడ్డి తాగింది. వరస మీద వరస, దుప్పటి మీద దుప్పటి, తాగగలిగినంతా తాగింది. పాత గడ్డి కింద కుళ్ళి బురదలా అయ్యింది. పైది దాన్ని వదలకుండా పట్టుకుంది.

ఒక పగటిపూట, అందరూ మూలలు చూసుకుని ముడుచుకుని ఉండగా, నెత్తి మీద కిర్రుమంది.

కౌజులు గప్‌చుప్‌మన్నాయి. రత్తాలు పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. అప్పన్న పైకి చూశాడు. దూలం నడిమధ్యలో, కొమ్ముతో కొట్టకుండా వదిలేసిన సరిగ్గా ఆ చోట, నోరు తెరిచినట్టు చీలిక.

గానుగ తాత అప్పటికే లేచాడు. ముసలికాళ్ళు ఎప్పుడు లేచాయో ఎవరికీ తెలియదు. వచ్చి, కిందికి దిగిపోతున్న దూలం కింద మెడ పెట్టాడు. "పిల్లల్ని పొయ్యి గుంటలోకి తోలండి! బయటికి పోవద్దు, గుంటలోకి!"

రత్తాలు ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని గుంటలోకి విసిరింది. పోలమ్మ రెక్కలతో తోస్తూ, అరుస్తూ, లెక్కచూసుకుంటూ దిగింది. అప్పన్న పరుగెత్తుకొచ్చి తాత పక్కన వెనక్కాళ్ళ మీద లేచి కొమ్ములు ఆనించాడు. ఒక్క క్షణం. ఫెళ్ళుమని ఎడమకొమ్ము విరిగి కిందపడింది.

"పోరా. ఇది నీ కొమ్ముల వల్ల అయ్యే పని కాదు."

"తాతా, నేను..."

"తెలుసులేరా. అటక తేలికైపోయిందని నాకెప్పుడో తెలుసు. పో. గానుగ తిప్పిన మెడ ఇది, ఇంకో చుట్టు నిలబడుతుంది."

నిలబడింది. ఒక్క చుట్టే నిలబడింది. అప్పన్న గుంటలో పడటం, పైన చీకటి కమ్మడం, నేల అదరడం అన్నీ ఒక్కసారే జరిగాయి.

వసారా వాసాలు దూలానికే కదా కట్టింది. దూలం పోతూ పోతూ వాటినీ లాక్కుపోయింది. వాన హోరులో తాత కేక వసారాలోకి వినపడలేదు. కౌజులు బెదిరి బయటికి, వానలోకి పడ్డాయి. తడిసిన రెక్కలు ఎగరవు. అక్కడున్నది నక్క ఒక్కటే కాదు, చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చింది. బంతి భోజనానికి వచ్చినట్టు వరసగా కూర్చున్నాయి.

గుంట నోటి దగ్గర గడ్డి తోసుకుని అప్పన్న తల బయటికి పెట్టేసరికి అంతా అయిపోయింది. తడినేల మీద ఈకలు.

"నక్కా!" అని అరిచాడు. "ఒట్టు వేశావు కదరా!"

"వేశాను బావా. కప్పు నిలబడి ఉన్నన్నాళ్ళూ అన్నాను. ఒక్కరోజు తప్పానా?" నక్క మూతి తుడుచుకుంది. "నన్ను తిట్టకు. ఇన్ని పిట్టల్ని ఒక్కచోటికి చేర్చడం నా వల్ల అయ్యేదా? కప్పు పడగొట్టడం నా వల్ల అయ్యేదా? అన్నీ నువ్వే చేసి పెట్టావు. ఒక్కమాట అడగనా? నేను గడ్డి తినను కదా బావా. గడ్డి తిననివాడికి నీ గడ్డి లెక్క మీద అంత శ్రద్ధ ఎందుకని ఒక్కసారైనా అనుకోలేదూ?"

నక్క తోక ఊపుకుంటూ పోయింది.

పోలమ్మ గుంటలో పిల్లల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తగ్గింది. వాన తెరిపిచ్చాక రత్తాలూ పోలమ్మా మిగిలిన పిల్లలతో కొండ గుహలవైపు బయల్దేరారు. అప్పన్న ఎదురు వెళ్ళాడు.

"ఎక్కడికి రత్తాలూ? మళ్ళీ కట్టుకుందాం. ఈసారి నేను..."

రత్తాలు ఆగింది. "మేం అద్దె నీకివ్వలేదు అప్పన్నా. నీకిచ్చింది ఒక్క మోపే. మిగతాది మా నెత్తి మీది కప్పుకిచ్చాం. నువ్వు మధ్యలో నిలబడి మేశావు. కంచే చేను మేస్తే కాపు ఎవరికి చెప్పుకోవాలి?"

పోలమ్మ పిల్లల్ని ఇంకోసారి లెక్కపెట్టుకుని అప్పన్నని దాటి నడిచింది. తిట్టినా బాగుండేది.

వానలు వెళ్ళాయి. ఏనుగు దొర కొండ దిగాడు. పాక ఉన్నచోట మట్టిగోడలు మిగిలాయి, కరిగి సగమయ్యాయి. మధ్యలో కుళ్ళిన గడ్డి గుట్ట. ఒంటికొమ్ము మేకపోతు దాని పక్కన కూర్చుని ఉన్నాడు. పక్కన ఎంత పచ్చిక మొలిచినా మెయ్యక చిక్కిపోయాడు.

"దొరా, కూలి ఇవ్వడానికి నా దగ్గరేం లేదు. ఈ దూలం కింద తాత ఉన్నాడు. ఒక్కసారి ఎత్తిపెడతారా? పూడ్చిపెట్టుకుంటాను."

ఏనుగు ముందుకొచ్చాడు. తొండంతో దూలాన్ని ఎత్తాడు. అది గాలిలోనే రెండు ముక్కలైంది. లోపలినించి చెదపిండి జలజలా రాలింది. పైన బెరడు తప్ప దూలం అనేది ఎప్పుడో లేదు.

ఏనుగు ఆ పిండినీ చూశాడు, అప్పన్ననీ చూశాడు.

"ఆ రోజు అటక ఖాళీ అని ఒక్కమాట అనాల్సింది అప్పన్నా. మాను వెయ్యకపోయినా, పైనున్న ఆ గడ్డి బరువు దింపి పోయేవాణ్ణి. వసారాని దూలంనించి విడదీసి పోయేవాణ్ణి. అది నాకు తొండం రెండుసార్లు ఊపితే అయ్యే పని. దానికి కూలి కూడా అడిగేవాణ్ణి కాదు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అని, అడవిలోకి నడిచాడు. అప్పన్న మిగిలిన ఒంటికొమ్ముతో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. కంచె అవతల రాయి మీద ఎవరూ లేరు. నక్క అప్పటికే కొండ అవతల ఇంకో యజమానికి బావ అయిపోయింది.

ఇల్లు నిలబడి ఉండగానే దాని దూలం వాటా తీసి పక్కన పెట్టాలి. ఒరిగాక పెట్టే ఖర్చు పాడెకే సరిపోతుంది.